కంప్యూటర్ గోడకు సోబి

పోయిన నెల నాగర్‌కర్నూల్‌లో ఖాజా కూతురి మంగ్నీకి, అంటే నిశ్చితార్థానికి వెళ్ళాను. బిర్యానీ తిని, ముగ్గురం పాత దోస్తులం ఒక మూలకు కుర్చీలు లాక్కుని మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుంటున్నాం. పెళ్ళికొడుకు తరఫు కుర్రవాడొకడు, ఇళ్ళ డిజైన్లు చేస్తాడట, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని మాకు ఒక ఇంటి బొమ్మ చూపించాడు. ఆ ఇంటి మీద వాన పడుతోంది. కిటికీ అద్దాల మీద చుక్కలు జారుతున్నాయి. వాకిట్లో నిలిచిన నీళ్ళలో ఇంటి నీడ కదులుతోంది. గద్వాల నర్సింలు కళ్ళద్దాలు తుడుచుకుని, "గిది తయారుగావటానికి ఎంతసేపు పట్టింది బాబూ?" అని అడిగాడు. "ఏం పట్టదు అంకుల్, మీరు చూస్తుండంగనే అయితుంది" అన్నాడా కుర్రవాడు. నర్సింలు మొహం అప్పుడు చూడాలి. ఎండలో వరుసలో నిలబడి సినిమా టికెట్ సంపాదించి లోపలికి పోతే, హాలంతా ఖాళీగా కనిపించినవాడిలా అయిపోయాడు. ఖాజా ఊరుకోలేక, "మేం పొద్దుగాల బటన్ నొక్కి మాపటిదాంక చూస్తుంటిమి. నడుమ కరెంటు పోతే మల్ల మొదటికెల్లి" అన్నాడు. కుర్రవాడు నమ్మలేదు. పైగా మా మీద జాలిపడ్డాడు. ఆ జాలి నాకు నచ్చలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

అప్పట్లో నేను వనపర్తిలో సివిల్ డిప్లొమా పూర్తి చేసి, ఇంట్లోనే కూర్చుని జనాలకు ఇంటి ప్లాన్లు గీసి ఇస్తుండేదాన్ని. పెళ్ళి సంబంధాలవాళ్ళు వచ్చి "అమ్మాయి ఏం చేస్తుంది?" అంటే, బడిపంతులైన మా నాయన "గీతలు గీస్తది" అని ఊరుకునేవాడు. హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్ ఒకటి దొరికితే తెచ్చి ముందరి అర్రలో పెట్టాం. అంతకుముందు అక్కడ జొన్నల గుమ్మి ఉండేది. గుమ్మిని వంటింట్లోకి జరిపినందుకు మా నాయనమ్మ ఆ యంత్రాన్ని చివరిదాకా క్షమించలేదు. పైగా అది వేడెక్కకుండా పక్క రేకు విప్పి, టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పి పెట్టేవాళ్ళం. "మనిషికి లేని ఫంకా డబ్బాకా?" అని ఆమె దాని ముందు నుంచి పోయినప్పుడల్లా అనేది. అయినా శుక్రవారం శుక్రవారం దానికి కుంకుమబొట్టు పెట్టేది కూడా ఆమే. ఇప్పటికీ ఎక్కడైనా వేడెక్కిన దుమ్ము వాసన తగిలితే, దాని వెనకాలే పెనం మీద జొన్నరొట్టె మాడిన వాసన రావాలి కదా అని నా ముక్కు ఎదురుచూస్తుంది. మా అర్రకూ వంటింటికీ మధ్య తలుపు లేదు మరి.

ఇల్లు కట్టకముందే కట్టినట్టు ఫొటో తీసి చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉందని నాకు చెప్పినవాడు ఖాజా. నాగర్‌కర్నూల్‌లో అతనిది ఫొటో స్టూడియో. ఎవరి దగ్గరో ఆ సీడీ సంపాదించాడు, కానీ దాన్ని తెరిస్తే అన్నీ ఇంగ్లీషు మాటలు, ఖాళీ తెర. నా దగ్గరికి తెచ్చాడు. అప్పటికే గద్వాల నుంచి నర్సింలు నా దగ్గరికి వస్తుండేవాడు. వాళ్ళది మగ్గాల ఇల్లు, చీర అంచుల డిజైన్లు కంప్యూటర్ మీద గీయడం నేర్చుకోవాలని అతని ఆశ. అట్లా మూడు ఊళ్ళ ముగ్గురం జమ అయ్యాం. మాలో ఎవరికీ ఆ సాఫ్ట్‌వేర్ పూర్తిగా రాదు. గోడలు లేపి కప్పు వేయడం నాకు వచ్చు. కెమెరా ఎక్కడ పెట్టాలి, వెలుతురు ఎటునుంచి రావాలి అనేది ఖాజాకు వచ్చు. గోడలకు రంగు, ఇటుక, బండ అతికించడం నర్సింలుకు వచ్చు. ఒకరు రాకపోతే మిగిలిన ఇద్దరం చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే. ముగ్గురం కలిస్తే ఒక పనిమంతుడికి కాస్త తక్కువ.

ఆదివారాలు మా ఇంట్లో కలిసేవాళ్ళం. ఖాజా తన కంప్యూటర్ డబ్బాను దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పసిపిల్లను పెట్టుకున్నట్టు పెట్టుకుని బస్సులో వచ్చేవాడు. ఒకసారి కండక్టర్ ఆపి, "ఏందది?" అన్నాడట. "కంప్యూటర్." "టీవీ లెక్క బొమ్మలొస్తయా?" "రావు." "పాటలొస్తయా?" "రావు." "మరెందుకు మోస్తున్నవయా?" అని కండక్టర్ టికెట్ కొట్టకుండానే వెళ్ళిపోయాడట, జాలితో. మిగతా రోజుల్లో ఏదైనా చిక్కు వస్తే ఎస్టీడీ బూతే దిక్కు. ఒకనాడు నర్సింలు గద్వాలలో తెలిసినవాళ్ళ కంప్యూటర్ మీద పని చేస్తూ, మధ్యలో లేచి బూతు నుంచి ఫోన్ చేసి, పెద్దగొంతుతో, "అక్కా, ఇల్లు గాలిల లేసింది! పునాది కిందికెల్లి మనిషి దూరేంత సందున్నది! ఏం జెయ్యాలె?" అని అరిచాడు. నేను ఇటు నుంచి ఏదో చెబుతున్నాను. ఇంతలో అతని వెనక వరుసలో నిలబడ్డ ముసలాయన గొంతు నాకు స్పష్టంగా వినిపించింది. "ఎవరింటికయ్యా గట్లయింది? లోపలున్నోళ్ళు బతికిండ్రా?"

గీతలతో కట్టిన ఇంటికి రంగులూ వెలుతురూ చెప్పి, ఇక దీన్ని ఫొటోలాగా తయారుచెయ్యి అని యంత్రాన్ని ఆజ్ఞాపించడాన్ని రెండర్ చెయ్యడం అంటారు. మా యంత్రానికి అది పొద్దుగూకేదాకా పట్టే పని. బొమ్మ పైనుంచి కిందికి సన్నటి చారలు చారలుగా దిగేది. ముందు ఆకాశం, తర్వాత పిట్టగోడ, మధ్యాహ్నం భోజనాల వేళకు కిటికీలు. వాడకట్టు వాళ్ళు పనులు చేసుకుంటూ మధ్యలో వచ్చి, "యాడిదాంక వచ్చింది?" అని అడిగిపోయేవాళ్ళు. మా నాయనమ్మ ఒకనాడు చాలాసేపు చూసి, "పైకెల్లి కిందికి కడ్తరా ఎవరన్న? పునాది లేకుండ కప్పేసిండ్రు. ఇది నిలవడది" అని లేచి వెళ్ళింది. ఆమె అన్నట్టే కాసేపటికి కరెంటు పోయింది. మా ఇల్లు ఊరి చివర, వెనకాల చేన్ల మోటర్లూ మా ఇల్లూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద. మోటర్లు మొదలైతే వోల్టేజీ తగ్గి బల్బు ఎర్రబడేది, తెర మీద బొమ్మ నలుదిక్కులా ముడుచుకునేది. అందుకని నాయన వసారాలో కుర్చీ వేసుకుని, చేతిలో పేపరూ, కళ్ళు బల్బు మీదా పెట్టి కాపలా కాసేవాడు. "ఎర్రవడ్డది!" అని అరిస్తే అమ్మ ఇంట్లో ఉన్న స్విచ్చులన్నీ ఆర్పేది. ఒకసారి నాయన చేన్లోకి పోయి మోటరు జర సేపు ఆపమని రైతును బతిమాలాడు. "మీ బిడ్డ కంప్యూటర్ల ఇల్లు కడ్తుంది. నా పల్లికాయ భూమిల ఎండుతుంది. ఏది ముందో నువ్వే చెప్పు సారూ" అన్నాడట ఆయన. ఎందరికో లెక్కలు చెప్పిన మా నాయన తిరిగి వచ్చి మళ్ళీ బల్బు కాపలాకు కూర్చున్నాడు.

ఇట్లా నేర్చుకుంటున్న రోజుల్లోనే పెబ్బేరు అన్నదమ్ములు వచ్చారు. అన్న బుచ్చన్న, తమ్ముడు కిష్టన్న. సేద్యం చేస్తూ, సంతలో ఎడ్ల బేరాలు కుదిర్చేవాళ్ళు. రోడ్డు పక్కన కొత్త జాగాలో రెండు సంసారాలకూ ఒకే కప్పు కింద ఇల్లు కట్టాలి, నడుమ మాత్రం గోడ ఉండాలి. ఆ గోడ ఇంటి వెనక నుంచి మొదలై వసారా అంచు దాకా రావాలి, వీళ్ళు వసారాలో కూర్చుంటే వాళ్ళు కనిపించకూడదు. ఇద్దరి భాగాలూ ఒక్క అంగుళం తేడా లేకుండా ఉండాలి. తేడా లేదని ముందే కళ్ళతో చూస్తేనే పునాది తీస్తామని పెద్దమనుషుల ముందర ఒప్పుకున్నారట. అందుకే ఫొటో కావాలి. కొలతలకు నేను పెబ్బేరు వెళ్ళినప్పుడు వాళ్ళమ్మ సవారమ్మ నా చెయ్యి పట్టుకుని ఒక పక్కకు తీసుకుపోయింది. ఎత్తైన మనిషి, వయసు మీద పడ్డా నడుము వంగలేదు. "బిడ్డా, నన్ను గూడ పంచిండ్రు. ఒక నెల పెద్దోని దగ్గర, ఒక నెల చిన్నోని దగ్గరనంట. నెలనెలా బిచాన, చెద్దరు నెత్తిన వెట్టుకొని గోడ సుట్టు తిరిగిపోవాలె. బదిలీలయ్యే పంతులు బతుకు నాకంటె నయ్యం" అంది. నవ్వుతూనే అంది కానీ కళ్ళు నవ్వలేదు. "ఈ గోడ జర పొట్టిగ గియ్యరాదు?" అని కూడా అడిగింది. గోడ పొడవు నా చేతిలో లేదని చెప్పాను. చెబుతుంటే నాకు చాలా బాధేసింది. బడిపంతులు కూతుర్ని కాబట్టి బదిలీ బతుకేంటో నాకు తెలుసు. సామాను కట్టినప్పుడల్లా మా అమ్మ ఏడ్చేది.

పని చిన్నది కాదు కానీ నాకొక ఉపాయం తోచింది. ఒక్క అన్న భాగం కట్టి, దాన్ని అద్దంలో తిప్పినట్టు తిప్పి పక్కన అతికిస్తే తమ్ముడి భాగం దానంతటదే వస్తుంది. తేడా అనే మాటే ఉండదు. అట్లాగే చేశాను. ఖాజా ఫొటోగ్రాఫర్ కాబట్టి కెమెరాను అందంగా ఒక పక్కకు, అన్న భాగం వైపు పెట్టాడు. పొద్దంతా రెండర్ చేసి, ప్రింటు తీసి పిలిపించాం. బుచ్చన్న ముందు ఆ కాగితాన్ని తిప్పి వెనక చూశాడు. ఎద్దును కొనేవాడు వెనక్కి పోయి చూడకుండా ఉంటాడా? వెనక ఏమీ లేదని తెలిసి కొంచెం నిరాశపడ్డాడు. కిష్టన్న మాత్రం ముందు వైపే చూసి, మొహం ఎర్రబెట్టుకుని, "అన్న దిక్కు తలుపు ఇంత, నా దిక్కు తలుపు గింతనా?" అన్నాడు. దగ్గరున్నది పెద్దగా, దూరంగా ఉన్నది చిన్నగా కనబడుతుందని ఖాజా చెప్పబోయాడు. "నాకు ఫొటో సంగతి జెప్పకు. గీడ నా కోడెను గాడ నిలవెడితే దూడయితదా?" అని కిష్టన్న లేచి నిలబడ్డాడు. ఇంకో చిక్కు కూడా ఉంది. సూర్యుడు మేం చెప్పిన చోట కాకుండా, ఆ సాఫ్ట్‌వేర్ పుట్టిన దేశంలో ఎక్కడ ఉంటాడో అక్కడే నిలబడి, నడుమ గోడ నీడను తమ్ముడి వసారా మీద పడేశాడు. "నా బతుకుల చీకటే గీసిండ్రు" అన్నాడు కిష్టన్న.

వీటన్నిటికంటే పెద్ద గొడవ గేటు దగ్గర నిలబడ్డ మనిషి గురించి వచ్చింది. బొమ్మలో మనుషులు లేకపోతే బోసిగా ఉంటుందని, సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిన బొమ్మల్లోంచి ఒకామెను తెచ్చి నర్సింలు అక్కడ నిలబెట్టాడు. పొట్టి గౌను, నల్ల కళ్ళద్దాలు, చేతిలో గొలుసు, గొలుసు చివర కుక్క. "ఈమె ఎవలు? మా ఇంటికెందుకొచ్చింది?" అని అన్నదమ్ములిద్దరూ ఒక్క గొంతుతో అడిగారు. వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడడం ఆ రోజు అదే మొదటిసారి. "ఊకె, అందానికి" అని నర్సింలు నసిగాడు. "మా ఇంటామె చూస్తే అందమేందో నీకు జెప్తది, తీసెయ్యి" అన్నాడు బుచ్చన్న.

గౌనామెను కుక్కతో సహా పంపించేశాం. సూర్యుణ్ణి నడినెత్తికి తెచ్చి ఏ పక్కా నీడ లేకుండా చేశాం. కెమెరాను కొలిచి సరిగ్గా నడుమన, గోడకు ఎదురుగా పెట్టాం. ఇప్పుడు రెండు భాగాలూ కవలపిల్లల్లా వచ్చాయి. కానీ నడుమ గోడ కెమెరాకు ఎదురుగా వచ్చేసరికి కొత్త రోగం బయటపడింది. ఇల్లంతా శుభ్రంగా వచ్చింది, ఆ ఒక్క గోడ అంచు మాత్రం కింది నుంచి పైదాకా నల్లగా తెల్లగా మచ్చలు మచ్చలుగా, పాత సున్నం పెచ్చులూడినట్టుగా వచ్చింది. రంగు మార్చి మళ్ళీ చేశాం, మచ్చలు. వెలుతురు పెంచాం, మచ్చలే. ఖాజా అద్దం మీద దుమ్మని తెర తుడిచాడు. నర్సింలు వైరస్ అన్నాడు. నేను తిప్పి అతికించిన భాగాన్ని తీసేసి మళ్ళీ తిప్పి అతికించాను. ఒక్కో ప్రయత్నానికి ఒక్కో రోజు పోతోంది. సహాయం కోసం సాఫ్ట్‌వేర్‌లోనే ఉండే ఇంగ్లీషు పాఠాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాం. అందులో ప్రతి చిక్కుకూ మీ డీలర్‌ను కలవండి అని రాసి ఉంది. మాకు సీడీ ఇచ్చినవాడు డీలర్ అనిపించుకునే రకం కాదు. మా నాయనమ్మ వచ్చి కొంగుతో కళ్ళు తుడుచుకుని చూసి, "గోడకు సోబి లేసింది. గంధకం రాయుర్రి, పోతది" అంది. సోబి అంటే మా దిక్కు ఒంటి మీద లేచే మచ్చల రోగం. అప్పటికి మేం చేసిన వైద్యాలన్నిటికంటే అదేమీ తక్కువగా అనిపించలేదు.

ఇంతలో అన్నదమ్ములు తొందరపెట్టడం మొదలుపెట్టారు. ఈసారి వాళ్ళతో సవారమ్మ కూడా వచ్చింది. మచ్చ ఉన్నంత మేర వేళ్ళు అడ్డం పెట్టి ఖాజా బొమ్మ చూపించాడు. ఆమె తెర దగ్గరకు వచ్చి చాలాసేపు చూసింది. "ఇల్లు మంచిగున్నది. అందుల నేనేడున్న?" అంది. "మొన్న ఎవతెనో కుక్కను వట్టుకొని నిలవెట్టిండ్రంట గదా. నా ఇంటి ముందట నేనుండొద్దా?" అంది. అందరికీ ఆ మాట సబబుగానే తోచింది. ఆమె ఫొటో తీసి బొమ్మలో పెడతామన్నాం. వెంటనే బుచ్చన్న, "నా దిక్కు వెట్టుర్రి, పెద్దోన్ని నేను" అన్నాడు. "అమ్మ చిన్నప్పటిసంది నా తావునే తింటది, నా దిక్కు వెట్టుర్రి" అన్నాడు కిష్టన్న. మాట మాట పెరిగింది. మా అమ్మ వంటింట్లోంచి రొట్టెలూ చింతతొక్కూ తెచ్చి ఇద్దరి ముందరా పెడితే, నోళ్ళు నిండాక కాస్త చల్లబడ్డారు. ఆ సందులో ఖాజా నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. "నడుమ వెడ్దాం" అన్నాడు ఖాజా, ఎంతో న్యాయంగా. "అటు గాదు, ఇటు గాదు. అమ్మ ఇద్దరికి అమ్మనే గద." అన్నదమ్ములకు కాదనడానికి సందు దొరకలేదు. మా ముగ్గురికీ మాత్రం న్యాయం సంగతి కాదు, సోబి సంగతి.

స్టూడియోలో తెల్లటి దుప్పటి ముందర ఆమెను నిలబెట్టి ఖాజా ఫొటో తీశాడు. "జర నవ్వమ్మా" అంటే, "నవ్వుడు అయినంక జూద్దాం, ముందైతే తియ్యి" అందట. ఆ ఫొటోను కంప్యూటర్‌లోకి ఎక్కించాక నర్సింలు రోజంతా కూర్చుని ఆమె చుట్టూ ఉన్న దుప్పటిని అందులోనే కత్తిరించాడు. చీర అంచు దగ్గర మాత్రం ఒక్క పోగు కూడా పోనివ్వలేదు. నడుమన వాకిట్లో నిలబెట్టి చూస్తే ఆమె తల పైన ఇంకా మచ్చ కనిపిస్తోంది. కెమెరాకు దగ్గరగా జరిపాం. ఇంకొంచెం జరిపాం. చివరికి ఆమె తల వసారా కప్పును దాటింది, గోడ మొత్తం ఆమె వెనకాల మాయమైపోయింది. ఆ రోజు కరెంటు కూడా పోలేదు. మాపటికి ఆమె పాదాలు దిగేసరికి ముగ్గురం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. ప్రింటు చూసి కిష్టన్న, "అమ్మ ఇల్లంత ఎత్తున్నదేంది?" అన్నాడు. "దగ్గరున్నోళ్ళు గట్లనే పెద్దగ కనవడ్తరు భాయ్, మీకు మొన్ననే జెప్తి గద" అన్నాడు ఖాజా. ఈసారి కిష్టన్న ఒప్పుకున్నాడు. ఇద్దరికీ చెరొక ప్రింటు, దాంతో పాటు కొలతలన్నీ వేసిన ప్లాను ఇచ్చి పంపాం. ప్లానులో నడుమ గోడను నేను లావు గీతతో వసారా అంచు దాకా గీశాను. ఆ విషయం ఇక్కడ మళ్ళీ చెప్పుకుంటున్నాను, ఎందుకంటే తర్వాత చాలామంది నన్ను అడిగారు.

ఇల్లు లేచింది. గృహప్రవేశానికి ముందురోజు ముగ్గురం పెబ్బేరు వెళ్ళాం. బస్సు దిగి రోడ్డు మీద నుంచి చూస్తే నాకు ఒళ్ళు జల్లుమంది. తెర మీద చారలు చారలుగా దిగిన ఇల్లు అచ్చం అట్లాగే నిజంగా నిలబడి ఉంది. పిట్టగోడ అదే, కిటికీలు అవే. దగ్గరికి పోయాక రెండోసారి ఒళ్ళు జల్లుమంది. వసారాలో గోడ లేదు. లోపల అర్రల మధ్య గోడ ఉంది. వసారా మాత్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే, ఇటు తలుపు ముందర నిలబడితే అటు తలుపు కనిపిస్తోంది. మేస్త్రీ మాసన్న బీడీ ఆర్పి మా దగ్గరికి వచ్చాడు. "ప్లాను ఇచ్చిన గద మేస్త్రీ, అందుల గోడ ఉండె గద?" అన్నాను. "ఉండె. లోపలిది ఫొటోల కనవడది గనక ప్లాను జూసి కట్టిన. బయటిదంత ఫొటో జూసి కట్టిన. ఫొటో ఉండంగ గీతలెందుకు మేడం?" అని, జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన మా ప్రింటు తీసి చూపించాడు. "సూడు, గోడ ఏడున్నది? అమ్మ ఉన్నది." అన్నదమ్ములకు ఈ సంగతి గోడలకు సిమెంటు గిలాబు పూసేటప్పుడే తెలుసు. కానీ తమ్ముడే వద్దన్నాడేమో, నేనెందుకు అడగాలని బుచ్చన్నా, అన్నే వద్దన్నాడేమో, నేనెందుకు అడగాలని కిష్టన్నా, ఇద్దరూ బిగదీసుకుని ఊరుకున్నారు. నేను నోరు తెరిచి అడిగేసరికి నిజం బయటపడి ఇద్దరూ కలిసి మాసన్న మీద పడ్డారు. అప్పటికప్పుడు కట్టాలంటే పచ్చిగోడ పెట్టుకుని ప్రవేశం పనికిరాదని పూజ చేయించే అయ్యగారు అడ్డుపడ్డాడు. పూజ కాగానే అదే రోజు గోడ లేపాలని తీర్మానం అయింది. ఇటుకలు తెచ్చి వసారా పక్కన పేర్చారు.

ఆ సోబి ఎందుకు వచ్చిందో నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. అన్న భాగాన్ని తిప్పి తమ్ముడి భాగం చేసినప్పుడు, అన్న గోడ తిరిగి వచ్చి తన మీదే పడింది. ఒకే చోట రెండు గోడలు, ఒకటి అన్నది, ఒకటి తమ్ముడిది. ఏది చూపించాలో యంత్రానికి అర్థం కాక కాసింత దీన్నీ కాసింత దాన్నీ చూపించింది. ఒక గోడను పట్టుకుని తీసేస్తే సరిపోయేది, ఒక్క మీట పని. మంగ్నీలో ఆ కుర్రవాణ్ణి అడిగాను, ఇప్పుడు అట్లా రెండు గోడలు ఒకదాని మీద ఒకటి పడితే ఏమవుతుందని. తనంతట తనే పసిగట్టి ఒకటి తీసేస్తుంది ఆంటీ, మనకు తెలియను కూడా తెలియదు అన్నాడు. మంచిదే. ఇప్పటి పిల్లలకు పని ఎంత సులువైందో చూస్తే నాకు సంతోషమే, కొంచెం కుళ్ళు కూడా ఉంది, దాచను. వాళ్ళకు చిక్కు వస్తే తెర మీద ప్రశ్న టైపు చేస్తారు, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు క్షణంలో జవాబు చెబుతారు. మాకు చిక్కు వస్తే మూడు ఊళ్ళ నుంచి బస్సులు ఎక్కి, అమ్మ చేసిన రొట్టెలు తిని, నాయనతో బల్బు కాపలా కాయించి, చివరికి తప్పుడు జవాబు చెప్పుకునేవాళ్ళం. నాయనా అమ్మా నాయనమ్మా ఇప్పుడు లేరు. ఆ అర్రలో ఇప్పుడు కరెంటు పోదు. కానీ ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. ఆ రోజుల్లో మాకు పని బాగా వచ్చి ఉంటే, ఆ గోడ మచ్చ లేకుండా, తళతళలాడుతూ, వసారా అంచు దాకా లేచి ఉండేది.

ఇక ఆ గృహప్రవేశం సంగతి. తెల్లవారి పొద్దు పొడిచే వేళకు ముహూర్తం. ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం పాలు వంటింట్లో కాదు, వసారాలో తూర్పు ముఖంగా, పిడకల మీద పొంగించాలి. వసారా ఈ కొసన బుచ్చన్న భార్య, ఆ కొసన కిష్టన్న భార్య పొయ్యిలు పెట్టుకుని, పాలగిన్నెలు ఎక్కించి కూర్చున్నారు. ఇంటి పెద్ద ఎదుట ఉంటేనే నిప్పు ముట్టించాలి. సవారమ్మ ఎవరి ఎదుట? "మొదలు నా దిక్కు" అన్నాడు బుచ్చన్న. "ముహూర్తం ఇద్దరికి ఒక్కటే, నేనెందుకు ఆగాలె?" అన్నాడు కిష్టన్న. చుట్టాలు అటు కొందరు, ఇటు కొందరు అయ్యారు. మొదటి నెల అమ్మ ఎవరి దగ్గర ఉండాలనే మాట కూడా అప్పుడే లేచింది. అయ్యగారు గడియారం చూపించి గడియ దాటిపోతుందని మొత్తుకుంటున్నాడు. అందరి చూపులూ నా మీద పడుతున్నట్టు, ఈ కొట్లాటంతా నా గీతల వల్లే వచ్చినట్టు అనిపించి నేను ఖాజా వెనక్కి జరిగాను.

సవారమ్మ చుట్టాల నడుమ నుంచి దారి చేసుకుంది. లోపలికి పోయి పీట తెచ్చుకుంది. గోడ రావలసిన చోట, సరిగ్గా నడుమ, వాకిలి వైపు మొహం పెట్టి వేసుకుని కూర్చుంది. తల తిప్పి ఈ పొయ్యి చూసింది, తల తిప్పి ఆ పొయ్యి చూసింది.

"రెండు కనవడుతున్నయి. ముట్టియ్యుర్రి" అంది.

కోడళ్ళిద్దరూ మొగుళ్ళ వైపు చూడకుండానే అగ్గిపుల్లలు గీశారు. పాలు పొంగాయి. ఏది ముందు పొంగిందో నేను చూడలేదు, పొగకు నా కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి. పొగకే అని ఖాజాతో చెప్పాను. భోజనాలయ్యాక మాసన్న తాపీ, సిమెంటు మాలు నింపిన గమేళా పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఆమె ఇంకా అక్కడే ఉంది. ఈ కోడలు ఇచ్చిన పాయసం గిన్నె ఒక పక్కన, ఆ కోడలు ఇచ్చింది ఇంకో పక్కన. మాసన్న గమేళా కింద దించి, "అమ్మా, జర లేస్తవా? గోడ కట్టాలె" అన్నాడు.

"కట్టు నాయనా, నేనెందుకొద్దంట?" అంది సవారమ్మ. "నేను లేసినంక కట్టు."

మాసన్న అన్న వైపు చూశాడు, తమ్ముడి వైపు చూశాడు. ఇద్దరూ నేల చూస్తున్నారు. అతను తాపీని సంచిలో పెట్టి, ఆమె పక్కన కూర్చుని, తనకూ కొంచెం పాయసం తెమ్మన్నాడు.